కన్సోల్ మీద రొద తగ్గించడం: జెడ్/ఓఎస్ సిస్‌లాగ్‌ను లెక్కగట్టి, ఏ మెసేజ్‌లను ఆపవచ్చో తేల్చే పద్ధతి

హైదరాబాదులో రాత్రి షిఫ్టులో కూర్చుని, ఎక్కడో అమెరికాలో ఉన్న, జెడ్/ఓఎస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌తో నడిచే మెయిన్‌ఫ్రేమ్‌ను కనిపెట్టుకుని ఉండే ఆపరేటర్‌కు తెర మీద కదిలే వరుసల్లో చాలా భాగం పనికిరానివే. జాబ్ మొదలైందని ఒక మెసేజ్, అదే జాబ్ మొదలైందని, జాబ్‌ల వరుసను చూసుకునే జేఈఎస్2 నుంచి మరో మెసేజ్, ఎవరో లాగాన్ అయ్యారని ఒకటి, అయిపోయి వెళ్లారని మరొకటి వస్తూ ఉంటాయి. ఈ వరుసల మధ్య ఏదో ఒక క్షణాన టేప్ పెట్టమని అడిగే మెసేజ్ దొర్లిపోతుంది, దాన్ని ఎవరూ చూడరు. రొద మరీ మితిమీరి, కన్సోల్‌లు మెసేజ్‌లను అందుకోలేని స్థితికి వస్తే, వాటిని తాత్కాలికంగా ఉంచే డబ్ల్యూటీఓ బఫర్లు నిండుతాయి. అప్పుడు ఐఈఏ405ఈ అనే మెసేజ్ 80 శాతం నిండాయని హెచ్చరిస్తుంది, ఆ తరువాత ఐఈఏ404ఏ పూర్తిగా నిండాయని చెబుతుంది. ఆ దశకు రాకముందే, తెర మీదికి రానక్కరలేని మెసేజ్‌లను ఎంపీఎఫ్ (మెసేజ్ ప్రాసెసింగ్ ఫెసిలిటీ) ద్వారా ఆపడం సిస్టమ్ ప్రోగ్రామర్ల పాత పని. ఏవి ఆపాలో ఊహించి కాకుండా లాగ్‌ను చదివి ఎలా నిర్ణయించాలో ఈ వ్యాసం వివరిస్తుంది.

లాగ్ వేరు, తెర వేరు

ఈ పనిలో మొదటి పొరపాటు సాధారణంగా ఇక్కడే జరుగుతుంది కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను. ఎంపీఎఫ్ ఒక మెసేజ్‌ను ఆపినప్పుడు అది కన్సోల్ మీద కనిపించదు గానీ హార్డ్‌కాపీ లాగ్‌లో, అంటే సిస్‌లాగ్‌లోనో ఓపర్‌లాగ్‌లోనో, యథాతథంగా నమోదవుతుంది. రేపు ఏదైనా చిక్కు వస్తే వెనక్కి వెళ్లి చూసుకోవడానికి ఇది మేలే. కానీ లెక్కలు వేసేవారికి దీనివల్ల ఒక ఇబ్బంది ఉంది. లాగ్‌లో మెసేజ్‌లను లెక్కపెట్టి, ఎక్కువసార్లు వచ్చినవాటిని పైన పేర్చితే, ఆ జాబితా తలభాగమంతా పదేళ్ల క్రితమే ఎవరో ఆపేసిన మెసేజ్‌లతో నిండి ఉంటుంది. ఆ జాబితాను చూసి సంతోషపడి వాటినే మళ్లీ ఎంపీఎఫ్‌లో రాయబోయిన వారిని నేను చూశాను.

రెండో సంగతి, మెసేజ్ ఎవరికి ఉద్దేశించిందో చెప్పే రౌటింగ్ కోడ్‌లది. ప్రతి కన్సోల్ కొన్ని రౌటింగ్ కోడ్‌లను మాత్రమే తీసుకునేలా నిర్వచించి ఉంటుంది. రౌటింగ్ కోడ్ 11 ప్రోగ్రామర్‌కు ఉద్దేశించిన సమాచారం. ఆ ఒక్క కోడ్‌తో వచ్చే మెసేజ్, 11ను తీసుకునే కన్సోల్ ఏదీ లేకపోతే ఏ తెర మీదా కనిపించదు, లాగ్‌లో మాత్రం వేలసార్లు కనిపించవచ్చు. కాబట్టి పని మొదలుపెట్టే ముందు రెండు ఆదేశాలు ఇచ్చి వాటి ఫలితాలను దాచుకోవాలి. మొదటిది డీ ఎంపీఎఫ్. ఇప్పుడు అమల్లో ఉన్న ఎంపీఎఫ్ పట్టికను ఇది చూపుతుంది. రెండోది డీ సీ. ఏ కన్సోల్ ఏ రౌటింగ్ కోడ్‌లను తీసుకుంటోందో ఇది చూపుతుంది. ఈ రెండూ చేతిలో లేకుండా వేసిన లెక్క లాగ్ గురించే చెబుతుంది, ఆపరేటర్ అనుభవం గురించి ఏమీ చెప్పదు.

ఎన్ని రోజుల లాగ్ కావాలి

ఒక్కరోజు లాగ్ చాలదు. మామూలు పనిదినం, శనివారం, నెలాఖరు, ఐపీఎల్ (సిస్టమ్‌ను మళ్లీ మొదలుపెట్టడం) జరిగిన రోజు, ఇవన్నీ వేర్వేరు ముఖాలు. నెలాఖరు బ్యాచ్‌లో మాత్రమే కనిపించే మెసేజ్ మామూలు రోజు లెక్కలో ఉండనే ఉండదు. ఐపీఎల్ రోజు మాత్రం కుప్పలుగా వచ్చే మెసేజ్‌లు మిగతా రోజుల్లో రావు, వాటిని ఆపడంవల్ల ఒరిగేదీ లేదు. నెల రోజుల లాగ్ దొరికితే మంచిది, కనీసం నెలాఖరు కలిసివచ్చే రెండు వారాలైనా ఉండాలి.

రైట్‌లాగ్ ఆదేశం ఇచ్చినప్పుడు అప్పటివరకు చేరిన సిస్‌లాగ్ మూసుకుని అవుట్‌పుట్ క్లాస్‌లోకి చేరుతుంది. చాలాచోట్ల అర్ధరాత్రి ఈ పని తనంతట తానే జరిగి, ఎక్స్‌టర్నల్ రైటర్ దాన్ని ఒక జీడీజీ (ఒకే పేరు కింద వరుస తరాలుగా ఉండే డేటాసెట్ల సమూహం) తరంగా భద్రపరుస్తుంది. మీ దగ్గర అలా ఉంటే ఆ తరాలనే వాడుకోండి. లేకపోతే జాబ్‌లనూ లాగ్‌నూ చూపే ఎస్‌డీఎస్‌ఎఫ్‌లోని లాగ్ తెర నుంచి ప్రింట్ ఆదేశంతో ఒక డేటాసెట్‌లోకి దింపుకోవచ్చు. పలు సిస్టమ్‌లు కలిసి పనిచేసే సిస్‌ప్లెక్స్‌లో ఓపర్‌లాగ్ వాడుతుంటే అన్ని సిస్టమ్‌ల మెసేజ్‌లూ కాలక్రమంలో ఒకేచోట దొరుకుతాయి గానీ అవి ఎండీబీ (మెసేజ్ డేటా బ్లాక్) రూపంలో ఉంటాయి. వాటిని సిస్‌లాగ్ లాంటి వరుసలుగా మార్చడానికి సిస్1.శాంప్‌లిబ్ అనే నమూనాల లైబ్రరీలో ఐఈఏఎండీబీఎల్‌జీ అనే నమూనా ప్రోగ్రామ్ ఉంది, చాలామంది దాన్నే తమ అవసరానికి సవరించుకుని వాడతారు.

వరుసను విప్పడం

సిస్‌లాగ్ వరుసలో మొదటి అక్షరం ఆ వరుస ఏ రకమో చెబుతుంది. ఎన్ అంటే ఒకే వరుసలో ముగిసే మెసేజ్. ఎం అంటే బహువరుస మెసేజ్‌లో మొదటిది, డీ అంటే దాని మధ్య వరుస, ఈ అంటే చివరిది. ఎస్ అంటే పై వరుసలో పట్టక కిందికి వచ్చిన కొనసాగింపు. రెండో అక్షరం మన పనికి మరీ ముఖ్యం. అక్కడ సీ ఉంటే అది ఆపరేటర్ ఇచ్చిన ఆదేశం, ఆర్ ఉంటే ఆదేశానికి వచ్చిన జవాబు, ఐ ఉంటే ప్రోగ్రామ్ లోపలి నుంచి ఇచ్చిన ఆదేశం. ఆ తరువాత ఏడు హెక్సా అంకెల్లో మొదటి 28 రౌటింగ్ కోడ్‌లు, సిస్టమ్ పేరు, జూలియన్ తేదీ, సెకనులో నూరో వంతు వరకు సమయం, జాబ్ సంఖ్య, ఎనిమిది హెక్సా అంకెల ఫ్లాగ్‌లు వచ్చి, చివరకు మెసేజ్ పాఠం మొదలవుతుంది.

ఫలానా కాలమ్‌లో పాఠం మొదలవుతుందని ఎవరైనా చెబితే దాన్ని నమ్మి ప్రోగ్రామ్ రాయకండి. పార్మ్‌లిబ్ అనే సిస్టమ్ అమరికల లైబ్రరీలోని కన్సోల్ మెంబర్‌లో హెచ్‌సీఫార్మాట్ విలువను బట్టి సంవత్సరం రెండంకెల్లోనో నాలుగంకెల్లోనో నమోదవుతుంది, దాంతో ఆ తరువాతివన్నీ రెండు స్థానాలు జరుగుతాయి. డేటాసెట్ మారే పొడవు రికార్డులది అయితే సార్టింగ్ ప్రోగ్రామ్ డీఎఫ్‌సార్ట్ దృష్టిలో ముందు, రికార్డు పొడవు తెలిపే నాలుగు బైట్ల ఆర్‌డీడబ్ల్యూ ఉంటుంది. ప్రింట్ ద్వారా దింపుకున్నదైతే ప్రింటర్ కోసం పెట్టే ఆసా నియంత్రణ అక్షరం ఒకటి అదనంగా ముందుండవచ్చు. ఐఎస్‌పీఎఫ్ ఎడిటర్‌లో డేటాసెట్ తెరిచి, కాలమ్ సంఖ్యలు చూపే కాల్స్ పెట్టి, మీ లాగ్‌లో ఏది ఎక్కడుందో కళ్లారా చూసి స్థానాలు రాసుకోవడానికి ఐదు నిమిషాలు పట్టదు.

లెక్క వేయడం

ఎన్, ఎం రకం వరుసలను మాత్రమే ఉంచి, వాటిలో రెండో అక్షరం ఆర్ గానీ సీ గానీ ఐ గానీ అయినవాటిని తీసేయాలి. ఆదేశానికి జవాబుగా వచ్చేదాన్ని అడిగినవారు చూడాలనే అడిగారు కదా. ఎంపీఎఫ్‌లో మామూలుగా రాసే ఎస్‌యూపీ(యెస్) కూడా ఆదేశాల జవాబులను ఆపదు, అందుకు ఎస్‌యూపీ(ఆల్) అని ప్రత్యేకంగా రాయాలి. అంతవరకు వెళ్లవలసిన అవసరం చాలా అరుదు.

మిగిలిన వరుసల పాఠంలో మొదటి పదం మెసేజ్ ఐడీ. ఐడీల పొడవు ఒకేలా ఉండదు కాబట్టి డీఎఫ్‌సార్ట్‌లో పార్స్ వాడి మొదటి ఖాళీ దాకా తీసుకుని, దానికే చెందిన ఐస్‌టూల్‌లోని అకర్ ఆపరేటర్‌తో ఎన్నిసార్లు వచ్చిందో లెక్కగట్టవచ్చు. స్క్రిప్టింగ్ భాష రెక్స్ మీద చేయి తిరిగినవారు ఐడీనే తోకగా పెట్టుకుని స్టెమ్ వేరియబుల్‌లో లెక్కపెట్టుకోవచ్చు, కానీ నెల రోజుల లాగ్ మీద రెక్స్ నడిపితే మీ ఖాతాలో పడే సీపీయూ వాడకాన్ని చూసి మీ మేనేజర్ మిమ్మల్ని పిలిపించవచ్చు.

ఐడీని తీసేటప్పుడు కొన్ని చిక్కులు ఎదురవుతాయి. అధికారం లేని ప్రోగ్రామ్‌లు జారీ చేసే మెసేజ్‌ల ముందు కూడిక గుర్తు ఉంటుంది. దాన్ని తీసేయకపోతే ఒకే ఐడీ రెండు పేర్లతో లెక్కకు వస్తుంది. చర్య కోరే మెసేజ్‌ల ముందు నక్షత్రం ఉంటుంది, జవాబు కోరే డబ్ల్యూటీఓఆర్‌ల ముందు జవాబు సంఖ్య ఉంటుంది. ఆ వరుసలను విడిగా తీసి పక్కన పెట్టండి, అవి ఈ పనిలో అభ్యర్థులు కావు. సొంత కోబాల్ ప్రోగ్రామ్‌ల నుంచి డిస్‌ప్లే అపాన్ కన్సోల్ ద్వారా వచ్చే పాఠానికైతే ఐడీయే ఉండదు. మొదటి పదంగా ‘టోటల్’ అనో ‘స్టార్ట్’ అనో కనిపిస్తుంది. వాటిని ఎంపీఎఫ్‌లో ఆపాలని చూడకుండా ఆ ప్రోగ్రామ్ రాసినవారి దగ్గరకు వెళ్లడమే దారి.

ఎన్నిసార్లు వచ్చిందన్న లెక్క ఒక్కటే సరిపోదు, తెర మీద ఎన్ని వరుసలు ఆక్రమించిందో కూడా చూడాలి. నెట్‌వర్క్ సాఫ్ట్‌వేర్ వీటామ్ నుంచి వచ్చే ఐఎస్‌టీ మెసేజ్‌లు తరచూ బహువరుసవి. రోజుకు 200 సార్లే వచ్చినా ఒక్కోటి 12 వరుసలైతే 2,400 వరుసలు తెరను తినేస్తాయి. డీ, ఈ వరుసలు వేరే మెసేజ్‌ల మధ్యలో చెదిరి ఉండవచ్చు గనుక, మొదటి వరుసలోనూ వాటిలోనూ ఉండే మూడంకెల సంఖ్యను బట్టి వాటిని జతపరచాలి. ఎంపీఎఫ్ మొదటి వరుసలోని ఐడీని చూసే మొత్తం మెసేజ్‌ను ఆపుతుంది, కాబట్టి పట్టికలో రాయవలసింది ఆ ఐడీనే.

మూడో లెక్క కాలానిది. ఒక ఐడీ రోజుకు 43,200 సార్లు వచ్చిందంటే సగటున రెండు సెకన్లకు ఒకటి. ఆ సగటు నిజమేనా, లేక ఆ మొత్తం రాత్రి రెండు గంటల నుంచి అరగంటలో వచ్చిపడిందా? నిమిషం వారీగా లెక్క తీస్తే తెలుస్తుంది. నిలకడగా వచ్చేదాన్ని ఆపడం గురించి ఆలోచించవచ్చు. ఒక్కసారిగా ముంచెత్తేది మాత్రం దాదాపు ఎప్పుడూ ఏదో లోపానికి గుర్తు; దాన్ని ఆపేస్తే ఆ లోపం కనబడకుండా పోతుంది. అలాంటి వరదలకోసం జెడ్/ఓఎస్‌లో మెసేజ్ ఫ్లడ్ ఆటోమేషన్ అనే ఏర్పాటు విడిగా ఉంది. దాన్ని ఎంఎస్‌జీఎఫ్‌ఎల్‌డీ మెంబర్‌లో నిర్వచించుకోవాలి. హద్దు దాటినప్పుడు మాత్రమే అది జోక్యం చేసుకుంటుంది, మిగతా వేళల్లో మెసేజ్‌ను మామూలుగా రానిస్తుంది.

జాబితాను వడకట్టడం

ఇప్పుడు డీ ఎంపీఎఫ్ ఫలితాన్ని తెచ్చి, ఇప్పటికే ఆపిన ఐడీలన్నిటినీ జాబితా నుంచి తీసేయండి. పట్టికలో ఐఈఎఫ్* లాంటి నక్షత్రపు నమోదులు ఉంటే వాటి కిందికి వచ్చేవాటిని కూడా తీసేయాలి, ఆ ఐడీకి విడిగా మరింత నిర్దిష్టమైన నమోదు ఉంటే దాన్నే లెక్కలోకి తీసుకోవాలి. తరువాత రౌటింగ్ కోడ్‌లను బట్టి ఏ తెర మీదికీ వెళ్లనివాటిని తీసేయండి. ఈ రెండు తీసివేతలు చేశాక మొదట కనిపించిన భారీ జాబితా చిన్నదైపోతుంది, నిజంగా ఆపరేటర్ కళ్ల ముందు కదిలేవి మాత్రమే మిగులుతాయి. అందులో పైనున్న ముప్పై, నలభై ఐడీలను చూస్తే చాలు. ఆ కింద ఉన్నవాటి మీద వెచ్చించే సమయానికి తగ్గ ఫలితం ఉండదు.

ఒక్కొక్క ఐడీ దగ్గర ఆగి, ఈ మెసేజ్ వస్తే ఎవరైనా ఏదైనా చేస్తారా అన్న ప్రశ్న వేసుకోవాలి. ఐడీ చివరి అక్షరం కొంతవరకు దారి చూపుతుంది. ఐ అంటే సమాచారం, ఏ అంటే వెంటనే చర్య, ఈ అంటే తీరికగా చేయవలసిన చర్య, డీ అంటే నిర్ణయం, డబ్ల్యూ అంటే పని ఆగి వేచి ఉండటం. ఐ ఉన్నంతమాత్రాన ఆపేయవచ్చనుకోవడం మాత్రం ప్రమాదం. ఐఈఎఫ్450ఐ జాబ్ అబెండ్ అయిందని, అంటే అర్ధంతరంగా ఆగిపోయిందని, చెబుతుంది. ఐఈఏ794ఐ ఎస్‌వీసీ డంప్ (లోప విచారణకు తీసే మెమరీ నకలు) తీసినట్లు చెబుతుంది. రెండూ ఐతోనే ముగుస్తాయి, రెండూ ఎవరో ఒకరు చూడవలసినవే.

ఐసీహెచ్408ఐ సంగతి విడిగా చెప్పాలి. భద్రతా ఉత్పత్తి రాక్‌ఎఫ్ ఎవరికైనా అనుమతి నిరాకరించినప్పుడు వచ్చే మెసేజ్ ఇది, చాలాచోట్ల జాబితాలో ఎగువనే ఉంటుంది. ఆడిట్ కోసం ఎస్‌ఎంఎఫ్ 80 రికార్డు ఎలాగూ రాస్తుంది కదా అని దీన్ని తెర మీద ఆపేవారున్నారు. నా అభిప్రాయంలో ఆపరేషన్స్ వాళ్లు ఒంటరిగా తీసుకోవలసిన నిర్ణయం కాదిది, భద్రతా విభాగం రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. పైగా అది అన్నిసార్లు వస్తోందంటే, ఏదో ఒక స్టార్టెడ్ టాస్క్‌కో బ్యాచ్ యూజర్‌ఐడీకో ఉండవలసిన అనుమతి లేకపోవడమే కారణమయ్యే అవకాశం ఎక్కువ. ఒకే యూజర్‌ఐడీ, ఒకే రిసోర్స్ పదేపదే కనిపిస్తున్నాయేమో లాగ్‌లో చూడండి. ఆ అనుమతి సరిచేస్తే మెసేజ్ మూలంలోనే ఆగిపోతుంది, ఎంపీఎఫ్ అవసరమే రాదు.

ఇదే తర్కం మిగతావాటికీ వర్తిస్తుంది. ఎంపీఎఫ్‌లో ఆపిన మెసేజ్‌ను కూడా వ్యవస్థ తయారు చేస్తూనే ఉంటుంది, లాగ్‌లో రాస్తూనే ఉంటుంది. స్పూల్ స్థలం గానీ సీపీయూ గానీ చెప్పుకోదగినంత ఆదా కాదు. ఐఈఎఫ్403ఐ, ఐఈఎఫ్404ఐలు జాబ్ మొదలవడాన్ని, ముగియడాన్ని తెలుపుతాయి. జాబ్‌నేమ్స్ మానిటరింగ్ అమల్లో ఉన్నప్పుడు అవి వస్తాయి. జేఈఎస్2 ఇచ్చే $హాస్ప్373, $హాస్ప్395లు చెప్పేదీ అదే. ఈ నాలుగింటిలో ఒక జంట అనవసరం. ఏ జంటను ఆపాలన్నది మీ ఆటోమేషన్ దేని మీద ఆధారపడిందో దాన్ని బట్టి తేల్చుకోవాలి. ఐఈఎఫ్125ఐ, ఐఈఎఫ్126ఐలు టీఎస్‌ఓ లాగాన్, లాగాఫ్‌లవి. $హాస్ప్100 రీడర్ నుంచి జాబ్ వచ్చినట్లు, $హాస్ప్250 జాబ్ పర్జ్ అయినట్లు (తొలగిపోయినట్లు) చెబుతాయి. తెర మీద వీటికోసం కాచుకుని కూర్చునే ఆపరేటర్‌ను నేను ఇంతవరకు చూడలేదు.

ఆటోమేషన్ ఏం వింటోంది

తెర ముందు కూర్చున్న మనిషికి అక్కరలేని మెసేజ్ కోసం ఒక ప్రోగ్రామ్ చెవులు రిక్కించి ఉండవచ్చు. నెట్‌వ్యూ ఆటోమేషన్ పట్టికలోనో, సిస్టమ్ ఆటోమేషన్ నిర్వచనాల్లోనో, మీరు వాడే మరో ఉత్పత్తి నియమాల్లోనో ఆ ఐడీ ఉందేమో వెతకడం తప్పనిసరి. ఎంపీఎఫ్ నమోదులో ఎస్‌యూపీ తెర గురించి, ఏయూటీఓ ఆటోమేషన్ గురించి చెబుతాయి, రెండూ వేర్వేరు. తెర మీద ఆపి, ఆటోమేషన్‌కు మాత్రం పంపడం పూర్తిగా సాధ్యం. అయితే ఏయూటీఓను రాయకుండా వదిలేస్తే పట్టికలో ఎక్కడో పైనున్న .డీఫాల్ట్ వాక్యం ప్రకారం అది నిర్ణయమవుతుంది. కొత్తలో నేను పనిచేసిన ఒకచోట, జాబ్ ముగింపు మెసేజ్‌ను ఇలాగే ఆపి, ఏయూటీఓ రాయడం మరిచాను. ఆ పైన .డీఫాల్ట్‌లో ఏయూటీఓ(నో) ఉంది. ఆ మెసేజ్ విని తరువాతి అప్లికేషన్ రీజియన్‌ను తెరవవలసిన ఆటోమేషన్ తెల్లవార్లూ మౌనంగా ఉండిపోయింది, ఫోన్ మాత్రం మోగుతూనే ఉంది. అప్పటినుంచి ప్రతి నమోదులోనూ మూడు విలువలనూ విడిగా రాస్తాను.

ఆ మూడోది రిటైన్. ఏఎంఆర్‌ఎఫ్ (యాక్షన్ మెసేజ్ రిటెన్షన్ ఫెసిలిటీ) అమల్లో ఉంటే, మెసేజ్ రకాన్ని తెలిపే డిస్క్రిప్టర్ కోడ్ 1, 2, 3, 11 గల మెసేజ్‌లను వ్యవస్థ పట్టి ఉంచుతుంది. 3 గల, అంటే తీరికగా చర్య కోరే మెసేజ్‌ను తెర మీద ఆపి, రిటైన్‌ను అలాగే వదిలితే, అవి ఎవరికీ కనబడకుండా పోగుపడుతూ ఉంటాయి. ఎప్పుడో ఎవరో పట్టి ఉంచినవాటిని చూపే డీ ఆర్ ఆదేశం ఇచ్చినప్పుడు తెరల కొద్దీ బయటపడతాయి. అలాంటివాటిని ఆపాలని నిశ్చయించుకుంటే రిటైన్(నో) కూడా రాయండి. 1, 2, 11 గలవాటిని మాత్రం ఆపే ఆలోచనే వద్దు.

పట్టికలో రాయడం, అమలు చేయడం

నడుస్తున్న ఎంపీఎఫ్‌ఎల్‌ఎస్‌టీ00 మెంబర్‌ను ముట్టుకోకుండా, పార్మ్‌లిబ్‌లో ఎంపీఎఫ్‌ఎల్‌ఎస్‌టీఎస్1 లాంటి కొత్త మెంబర్‌ను తెరిచి అందులో కొత్త నమోదులు రాయడం మంచిది. ఒక నమోదు ఐఈఎఫ్125ఐ,ఎస్‌యూపీ(యెస్),రిటైన్(నో),ఏయూటీఓ(నో) అన్న తీరున ఉంటుంది. దాని పక్కనే వ్యాఖ్యగా ఎవరు, ఏ రోజున, ఎవరి అంగీకారంతో, ఎందుకు ఆపారో రాయండి. ఇరవై ఏళ్లనాటి పట్టికల్లో వందల నమోదులుంటాయి గానీ ఒక్కదానికీ కారణం రాసి ఉండదు. తీసేయడానికి ఎవరికీ ధైర్యం చాలదు, అలా ఆ పట్టిక పెరుగుతూనే పోతుంది. నక్షత్రంతో ముగిసే ఐడీలు రాయవద్దని నా సలహా. ఈరోజు అందులో మీకు తెలిసిన ఐదు మెసేజ్‌లే ఉండవచ్చు, రేపు కొత్త రిలీజ్‌తో వచ్చే ఆరోది చర్య కోరేది కావచ్చు.

ముందుగా పరీక్షా ఎల్‌పార్‌లో (పరీక్షలకు కేటాయించిన మెయిన్‌ఫ్రేమ్ భాగంలో) సెట్ ఎంపీఎఫ్=(00,ఎస్1) ఆదేశం ఇవ్వండి. సెట్ ఎంపీఎఫ్‌లో చెప్పిన మెంబర్‌లే మొత్తం పట్టిక అవుతాయి, పాతదానికి కలపబడవు. అందుకని 00ను వదిలేసి ఎస్1 ఒక్కదాన్నే రాస్తే ఇంతకాలం ఆగి ఉన్నవన్నీ ఒక్కసారిగా తెర మీదికి వచ్చిపడతాయి. ఆదేశం ఇచ్చాక వచ్చే జవాబుల్లో వాక్యనిర్మాణ దోషాల గురించి ఏమైనా ఉందేమో చదివి, డీ ఎంపీఎఫ్‌తో కొత్త నమోదులు వచ్చాయో లేదో సరిచూసుకోండి. ఏదైనా తేడా వస్తే సెట్ ఎంపీఎఫ్=00 అని వెనక్కి వెళ్లవచ్చు. ప్రొడక్షన్‌లో ఒకేసారి నలభై ఐడీలు కాకుండా వారానికి ఐదారు చొప్పున ఆపుతూ పోతే, ఎవరైనా ‘ఫలానా మెసేజ్ కనిపించడం లేదేమిటి’ అని అడిగినప్పుడు దేనివల్లో వెంటనే తెలుస్తుంది. ఐపీఎల్ తరువాత కూడా ఇది నిలవాలంటే కన్సోల్ మెంబర్‌లోని ఇనిట్ వాక్యంలో ఎంపీఎఫ్ విలువలకు ఎస్1ను చేర్చాలి. ఈ ఒక్క అడుగు మరిచిపోయి, ఐపీఎల్ అయిన మర్నాడు మళ్లీ మొదటికి వచ్చిన బృందాలు తక్కువేమీ కాదు.

నెల గడిచాక అదే లెక్కను అవే నియమాలతో మళ్లీ వేయండి. లాగ్‌లో మొత్తం మెసేజ్‌ల సంఖ్య దాదాపు మారదు, మారకూడదు కూడా. మారవలసింది తెర మీదికి వెళ్లే వరుసల సంఖ్య. అది తగ్గకపోతే, పట్టికలోని ఐడీలకూ లాగ్‌లో కనిపించే ఐడీలకూ అక్షరం తేడా ఉందేమో ముందు చూడండి. ఆ తరువాత, మీ ఆటోమేషన్ ఉత్పత్తి ఏదైనా ఎంపీఎఫ్ ఆపిన మెసేజ్‌ను తన నియమం ప్రకారం తిరిగి తెర మీదికి పంపుతోందేమో వెతకండి.